భాష కోసం జర్మనీకి: ఏడాది స్వచ్ఛంద సేవ, దరఖాస్తు నుంచి డ్యూటీ దాకా నా అనుభవం

జర్మన్ నేర్చుకునేవాళ్లలో కొందరికి ఆ భాషను ఎమ్మెస్‌తోనో ఉద్యోగంతోనో ముడిపెట్టాలని ఉండదు. ఆ భాష మాట్లాడే మనుషుల మధ్య ఒక ఏడాది ఉండి, వాళ్ల తిండి, పండగలు, పలకరింపులు దగ్గర్నుంచి చూడాలని ఉంటుంది. అలాంటివాళ్ల కోసం జర్మనీలో చట్టం ప్రకారమే ఒక దారి ఉంది. దాన్ని ఫ్రైవిల్లిగెస్ సోత్సియాలెస్ యార్ అంటారు, అందరూ వాడే పొట్టిపేరు ఎఫ్‌ఎస్‌జే. వృద్ధాశ్రమం, ఆసుపత్రి, కిండర్‌గార్టెన్, దివ్యాంగుల వర్క్‌షాప్ లాంటి చోట ఫుల్‌టైమ్ పనిచేయాలి. జీతం ఉండదు. పాకెట్ మనీ ఇస్తారు, చాలాచోట్ల గది, భోజనం కూడా ఇస్తారు. నేను చేసింది నైరుతి జర్మనీలోని ష్వాబియా ప్రాంతంలో, ఒక వృద్ధాశ్రమంలో. ఇందులో ఏ మెట్టు ఎలా నడుస్తుందో, మనవాళ్ల ఫైళ్లు ఎక్కడ ఆగిపోతాయో రాస్తున్నాను.

ఈ సేవకు మూలం 1954లో బవేరియాలోని నోయెన్‌డెట్టెల్‌సావ్ అనే ఊళ్లో ఉంది. హెర్మన్ డీట్స్‌ఫెల్‌బింగర్ అనే పాస్టరు ఒక ఏడాది సేవకు ఇవ్వమని యువతకు పిలుపునిచ్చాడు. పదేళ్ల తర్వాత, 1964లో, దానికి చట్టం వచ్చింది. 2011లో తప్పనిసరి సైనిక సేవను ఆపేసినప్పుడు, సైన్యానికి బదులు ఆసుపత్రుల్లో పనిచేసే కుర్రాళ్లు రావడం కూడా ఆగిపోయింది. ఆ లోటు తీర్చడానికి అదే ఏడాది జులై 1న బుండెస్‌ఫ్రైవిల్లిగెన్‌డీన్‌స్ట్ మొదలైంది, పొట్టిగా బీఎఫ్‌డీ. ఎఫ్‌ఎస్‌జే 27 ఏళ్లు నిండనివాళ్లకు మాత్రమే. బీఎఫ్‌డీకి పైవయసు పరిమితి లేదు. మామూలుగా రెండూ 12 నెలలు. తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ 18 నెలలు చేయొచ్చు. పనిలో తేడా ఏమీ లేదు. కాగితాల్లో మాత్రం ఉంది: బీఎఫ్‌డీ ఒప్పందం మీద కొలోన్‌లో ఉన్న ఫెడరల్ ఆఫీసు కూడా సంతకం పెట్టాలి కాబట్టి ఆ కాగితం చేతికి రావడం కాస్త ఆలస్యమవుతుంది.

ముందు అర్థం చేసుకోవాల్సింది ట్రేగర్ అనే వ్యవస్థను. మనం పనిచేసే ఆశ్రమం వేరు, మన సేవకు బాధ్యత వహించే సంస్థ వేరు. ఆ సంస్థనే ట్రేగర్ అంటారు. జర్మన్ రెడ్‌క్రాస్, కారితాస్, డియకోనీ, ఆవో, ఇంటర్నాషనాలర్ బుండ్ లాంటివి పెద్ద ట్రేగర్లు. కార్ల్స్‌రూహేలోని ఫ్రాయిండె డెర్ ఎర్‌సీయుంగ్స్‌కున్‌స్ట్ లాంటి కొన్ని సంస్థలు విదేశాల నుంచి వచ్చేవాళ్ల కోసమే విడిగా ఒక విభాగం నడుపుతాయి. ఆశ్రమానికి నేరుగా రాసినా చివరికి ఒప్పందం మీద మూడు సంతకాలు ఉండాలి: మనది, ఆశ్రమానిది, ట్రేగర్‌ది. ఆశ్రమం మేనేజరు ‘మీరు రావచ్చు’ అని పంపిన మెయిల్ పట్టుకుని వీసాకు వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ మెయిల్‌కు అక్కడ విలువ లేదు.

ఈ దరఖాస్తుకు ఎక్కడా ఫీజు లేదు. హైదరాబాద్, విజయవాడల్లో ‘జర్మనీ ఫ్రీ వీసా ప్రోగ్రామ్’ అని చెప్పి లక్షల్లో వసూలు చేసే ఏజెంట్లు చేసేదల్లా ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికే ఫారాన్ని మన పేరుతో నింపడమే. పైగా ఒకే మోటివేషన్ లెటర్‌ను పేరు మార్చి పాతికమందికి పంపుతారు. ట్రేగర్ ఆఫీసుల్లో ఈ ఉత్తరాలు చదివేది ఒకళ్లిద్దరే కాబట్టి రెండోసారికే పోల్చేస్తారు. ఆ డబ్బులో కొంచెం భాష మీద పెడితే, మిగతా పని సొంతంగానే అయిపోతుంది.

భాష విషయానికి వస్తే, కొన్ని ట్రేగర్లు ఏ2 స్థాయి చాలంటాయి గానీ ఇండియా నుంచి వచ్చేవాళ్లు దాని పైమెట్టు బీ1 చేతిలో పెట్టుకుని బయల్దేరడమే మేలు. గోథే బీ1 పరీక్షలో నాలుగు భాగాలు ఉంటాయి: చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. ఒక్కోదాంట్లో 100కు 60 రావాలి, ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్లీ రాయొచ్చు. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సెంట్రమ్ ఉంది కాబట్టి పరీక్ష కోసం ఊరు దాటక్కర్లేదు. కానీ సీట్లు తొందరగా నిండిపోతాయి, కోర్సు అయిపోయాక చూద్దామంటే దొరకవు. మనవాళ్లకు ఎక్కువగా మార్కులు తగ్గేది వినడంలో. వ్యాకరణం, పదాలు బట్టీ పట్టి బీ1 తెచ్చుకున్నవాళ్లు కూడా వీడియో ఇంటర్వ్యూలో మామూలు వేగంతో అడిగిన ప్రశ్న అందక ఆగిపోతారు. జర్మన్ ప్రసార సంస్థ డాయిచే వెల్లెలో నెమ్మదిగా చదివే వార్తలతో మొదలుపెట్టి, రెండు నెలల్లో మామూలు రేడియోకు మారితే ఆ భయం పోతుంది.

సెప్టెంబరు 1 చాలాచోట్ల కొత్త బ్యాచ్ మొదలయ్యే తేదీ, కొన్నిచోట్ల ఆగస్టు లేదా అక్టోబరు. దాన్నుంచి వెనక్కి లెక్కేసుకుంటే డిసెంబరుకల్లా బీ1 సర్టిఫికెట్, జనవరి నుంచి మార్చి దాకా దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, ఏప్రిల్‌లో ఒప్పందం, వెంటనే వీసా. మే నెలలో దరఖాస్తు పెడితే సీటు దొరికినా వీసా టైముకు రాదు.

దరఖాస్తుకు కావాల్సింది లేబెన్స్‌లావ్ఫ్, మోటివేషన్ లెటర్, సర్టిఫికెట్లు. లేబెన్స్‌లావ్ఫ్ అంటే జర్మన్ పద్ధతిలో రాసే బయోడేటా: ఎడమవైపు తేదీలు, కుడివైపు వివరం, ఎక్కడా నెలల ఖాళీ లేకుండా, చివర ఊరు, తేదీ, సంతకం. డిగ్రీ అయ్యాక ఏడాది ఇంట్లో ఉండి జర్మన్ నేర్చుకుంటే అదే రాయాలి. ఖాళీ వదిలితే అడుగుతారు. ఉత్తరం ఒక పేజీ చాలు. జర్మన్ భాష మీద ప్రేమ గురించి ఒక పేరా సరిపోతుంది. మిగతాదంతా ఆ పని మీరు ఎందుకు చేయగలరో చెప్పాలి. ఇంట్లో మంచం పట్టిన తాతయ్యకో నానమ్మకో చాకిరీ చేసి ఉంటే అది రాయండి. ఏం చేశారో వివరంగా రాయండి: లేపి కూర్చోబెట్టడం, అన్నం తినిపించడం, రాత్రి లేవడం. మన ఇళ్లలో ఇది మామూలే కాబట్టి ఎవరూ రాయరు. అక్కడ చదివేవాళ్లకు మాత్రం అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే.

సంస్కృతి మీద ఇష్టం ఉన్నవాళ్ల కన్ను ముందు మ్యూజియాలు, థియేటర్లలో చేసే ఎఫ్‌ఎస్‌జే కుల్టూర్ మీద పడుతుంది. ఇండియా నుంచి అది కష్టం. అక్కడ ఆఫీసు పని, రాతపని ఎక్కువ, అందుకు బీ1 చాలదు. గది కూడా చాలావరకు ఇవ్వరు. బస లేకపోతే పాకెట్ మనీతో నెల గడవదు, ఆ సంగతి వీసా ఇచ్చేవాళ్లకూ తెలుసు. పాకెట్ మనీకి చట్టం పెట్టిన గరిష్ఠం 2025లో నెలకు 644 యూరోలు, చాలాచోట్ల ఇచ్చేది అంతకన్నా తక్కువే. హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ లాంటి సోషల్ ఇన్సూరెన్స్ వాటాలన్నీ వాళ్లే కడతారు, మన చేతికొచ్చేదాంట్లోంచి కోత ఉండదు. కాబట్టి సీటు ఎంచుకునేటప్పుడు పాకెట్ మనీ ఎంత అని అడిగే ముందు గది ఇస్తారా అని అడగాలి. భాష కోసమే వెళ్తుంటే నా ఓటు వృద్ధాశ్రమానికే. పెద్దవాళ్లకు మాట్లాడడానికి టైముంటుంది, నెమ్మదిగా మాట్లాడతారు, చెప్పిందే పదిసార్లు చెప్తారు. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడుగుతారు. స్నానం చేయిస్తారా, డైపర్ మారుస్తారా, పంది మాంసం వడ్డించాల్సి వస్తే ఇబ్బందా, మీరు ఉన్నప్పుడే ఎవరైనా చనిపోతే ఎలా తట్టుకుంటారు. అన్నిటికీ ‘చేస్తాను’ అనే జవాబు వాళ్లకు నచ్చదు. ఫలానాది ఎప్పుడూ చేయలేదు, ఎవరైనా పక్కనుండి చూపిస్తే నేర్చుకుంటాను అని చెప్పినవాళ్లనే నమ్ముతారు.

ఇక కాగితాలు. మనవాళ్లకు అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవాళ్లు చాలామంది. జర్మన్ ఫారంలో ఇంటిపేరు లేకుండా ఒక్క అడుగు ముందుకు పడదు. ఒప్పందంలో ఒకలా, ఇన్సూరెన్స్‌లో ఒకలా, బ్యాంకులో మరోలా పడితే ఆ తర్వాత ప్రతి ఆఫీసులో వివరణ ఇచ్చుకుంటూ తిరగాలి. దరఖాస్తు మొదలుపెట్టకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా ఉండేలా మార్పించుకుని, అక్కడి నుంచి పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలనే అన్నిచోట్లా వాడాలి.

పిల్లలతోనో వృద్ధులతోనో పని కాబట్టి పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు. పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో 500 రూపాయలు కట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. సీటు ఖాయమయ్యాకే తీసుకోవడం మంచిది, పాతబడితే మళ్లీ తెమ్మంటారు. సర్టిఫికెట్లకు అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని వేరే దేశానికి చూపే ప్రభుత్వ ముద్ర, వేయించాలని చెప్పి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. ఇండియా, జర్మనీల మధ్య అపోస్టిల్ ఒప్పందం అమల్లో లేదు, ఆ ముద్ర అక్కడ చెల్లదు.

టీకా సంగతి చివరి నిమిషంలో గుర్తొస్తుంది. 2020 మార్చి నుంచి జర్మనీలో కిండర్‌గార్టెన్, స్కూలు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు తట్టు టీకా రెండు డోసులు వేయించుకున్నట్టు రుజువు చూపాలి. మన దగ్గర చిన్నప్పటి టీకా కార్డు ఇంట్లో దొరకడమే అరుదు. దొరికినా అందులో ఒక్క డోసే ఉంటుంది. ఇక్కడే తట్టు టీకా కలిసి ఉండే ఎమ్‌ఎమ్‌ఆర్ రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు ఎడం పెట్టి వేయించుకుని, తేదీ, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, స్టాంపుతో కార్డు తీసుకోవాలి. అంటే ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

మన రెండు రాష్ట్రాలవాళ్ల ఫైళ్లను హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో తీసుకుంటారు, నిర్ణయం చెన్నై కాన్సులేట్‌ది. దీర్ఘకాల వీసా ఫీజు 75 యూరోలు, రూపాయల్లో కట్టాలి. ఫైలు కదలడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది, ఎందుకంటే మనం ఉండబోయే ఊళ్లోని విదేశీయుల ఆఫీసు అభిప్రాయం కూడా అడగొచ్చు. అక్కడ పనిభారం ఎక్కువుంటే చెన్నై చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడు ఆ ఆఫీసుకు ఫోన్ చేయాల్సింది మనం కాదు, ట్రేగర్. రెండు వారాలకోసారి మర్యాదగా గుర్తుచేస్తే వాళ్లు చేస్తారు.

వీసా కౌంటర్లో తప్పక వచ్చే ప్రశ్న: బీటెక్ చదివి వృద్ధాశ్రమంలో ఏడాది ఎందుకు? ఇక్కడ కంఠస్థం చేసిన జవాబులు తేలిపోతాయి. సేవ తర్వాత అక్కడే నర్సింగ్ శిక్షణలో చేరాలన్న ఆలోచన ఉంటే అబద్ధం చెప్పక్కర్లేదు, అలా చేరినవాళ్లు ఉన్నారు. కానీ ఉత్తరమంతా ఆ శిక్షణ గురించే రాసి, సేవ గురించి రెండు లైన్లు రాస్తే ఈ ఏడాది ఎందుకన్న అనుమానం వాళ్లకు రావడం సహజం. ఇంకో చిన్న లొసుగు ఇన్సూరెన్స్‌లో ఉంది. జర్మన్ ఇన్సూరెన్స్ సేవ మొదలైన రోజు నుంచే పనిచేస్తుంది. ఆగస్టు 27న దిగి సెప్టెంబరు 1న చేరితే మధ్య రోజులకు విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ చూపాలి.

దిగాక మొదటి రెండు వారాల్లో ఊళ్లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి, ఆశ్రమం గది అయితే ఆశ్రమమే ఇస్తుంది. పన్ను నంబరు, ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు కార్డు, దాని పిన్ అన్నీ పోస్టులోనే వస్తాయి. కింద పోస్టు డబ్బా మీద మన పేరు అంటించకపోతే పోస్ట్‌మ్యాన్ వెనక్కి పంపేస్తాడు. ‘కేరాఫ్’ రాస్తే చాలనుకోవద్దు. గదిలోకి దిగిన రోజే పేరు అంటించాలి.

డ్యూటీ పొద్దున ఆరున్నరకు మొదలు. రాత్రి డ్యూటీవాళ్లు ఒక్కొక్కరి గురించి చెప్పే ఊబర్‌గాబె ముందు జరుగుతుంది: ఎవరు నిద్రపోలేదు, ఎవరికి జ్వరం, ఎవరు నీళ్లు తాగలేదు. మొదటి నెల ఇది అర్థం కాదు. పొట్టిమాటలు, వేగం, యాస. చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని గది నంబర్ల వారీగా రాసుకుని, అర్థం కానిది అప్పుడే అడగాలి. తల ఊపేస్తే ప్రమాదం, ఎందుకంటే అందులో ‘పదో నంబరు గదిలో ఆవిడకు ఇవాళ చిక్కటి నీళ్లే ఇవ్వాలి’ లాంటిది ఉంటుంది. మింగడం కష్టమైనవాళ్లకు నీళ్లు, టీ పల్చగా ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అందుకే పొడి కలిపి చిక్కబరుస్తారు. ఎంత పొడి అన్నది మనిషిని బట్టి మారుతుంది, డబ్బా మీది కొలత చూసి మనంతట మనం కలపకూడదు.

అన్నం తినిపించడానికీ పద్ధతి ఉంది. నిలబడి తినిపించకూడదు. కుర్చీ వేసుకుని వాళ్ల కంటికి ఎదురుగా కూర్చోవాలి. వాళ్ల వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉండాలి. చెంచా సగమే నింపి, కిందినుంచి తీసుకెళ్లాలి. పైనుంచి తెస్తే తల వెనక్కి వాలుస్తారు, అప్పుడే పొలమారుతుంది. గొంతు కదిలి మింగారని చూశాకే రెండో చెంచా. అయ్యాక ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా కూర్చోబెట్టే ఉంచాలి. తాగిన నీళ్లు మిల్లీలీటర్లలో చార్టులో రాయాలి. గ్లాసు ఇచ్చాం కదా అని 200 రాసి, సగం మిగిలిన గ్లాసు తీసేస్తే ఆ చార్టు మొత్తం దండగ. మందులు ఇవ్వడం, ఇన్సులిన్ వేయడం, కట్లు కట్టడం వాలంటీర్ల పని కాదు. మనుషులు తక్కువై ఎవరైనా చేయమన్నా చేయకూడదు. ఉద్యోగి స్థానంలో వాలంటీరును పెట్టకూడదన్నది ఈ సేవకున్న నియమం. అలా జరుగుతుంటే చెప్పుకోవడానికే ట్రేగర్ తరఫున ఒక మనిషి ఉంటారు.

పిలుపుల విషయంలో మన అలవాటు మార్చుకోవాలి. పెద్దావిడను చూడగానే అమ్మమ్మా అనాలనిపిస్తుంది మనకు. అక్కడ ఆడవాళ్లను ఫ్రావ్, మగవాళ్లను హెర్ అని ఇంటిపేరుతోనే పిలవాలి, మీరు అనే అర్థంలో ‘సీ’ వాడాలి. ఓమా, అంటే అమ్మమ్మా, అని పిలిస్తే అది చనువుగా కాక చులకనగా వినిపిస్తుంది, వాళ్ల పిల్లలకు అసలే నచ్చదు. తోటి ఉద్యోగులు మాత్రం మొదటిరోజే నువ్వు అనే ‘దూ’లోకి దిగుతారు.

యాస గురించి ముందే తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది. పుస్తకాల జర్మన్‌లో ఫూస్ అంటే పాదం, ష్వాబియాలో మాత్రం తుంటి నుంచి కాలివేళ్ల దాకా మొత్తం కాలు. పుస్తకంలో చదివిన జర్మన్‌తో వెళ్లి పాదం నొప్పి అని నర్సుకు చెప్తే, నిజానికి నొప్పి తుంటిలో ఉండొచ్చు. పడిపోయిన మనిషి విషయంలో ఆ తేడా చిన్నది కాదు. ఎక్కడో చేత్తో చూపించమని అడిగాకే చెప్పాలి. టైము కూడా అంతే: ‘ఫీర్టెల్ ద్రై’ అంటే రెండుంపావు. మూడుంపావు అనుకుంటే డ్యూటీకి గంట ఆలస్యం.

12 నెలల్లో 25 రోజులు సెమినార్లు, ఎక్కువగా ఐదేసి రోజుల విడతలుగా. అవి డ్యూటీ కిందే లెక్క, ఆ రోజుల్లో సెలవు పెట్టడానికి వీల్లేదు. మన వయసు జర్మన్ కుర్రాళ్లతో మాట్లాడే అవకాశం అక్కడే దొరుకుతుంది. సాయంత్రాలు ఖాళీగా ఉంటే ఊళ్లో ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాకేంద్రంలో తక్కువ ఫీజుకు బీ2 క్లాసులు ఉంటాయి, పాటల బృందాల్లో చేరొచ్చు. తెలుగువాళ్లు ఉన్న ఊళ్లో గది పంచుకుంటే వంట సుఖమే, కానీ భాష అక్కడే ఆగిపోతుంది. పండగలకు కలుసుకుంటే చాలు. సెలవుల్లో హాలే నగరానికి తప్పక వెళ్లమంటాను. అక్కడి నుంచి మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాసిన మిషనరీ బెంజమిన్ షుల్ట్సే తిరిగి వెళ్లాక, 1740ల్లో ఆ ఊళ్లోనే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ఆయన్ను పంపిన ఊళ్లోని ఫ్రాంకె ఫౌండేషన్లనే పాత విద్యాసంస్థల భవనాలు, లైబ్రరీ ఇప్పటికీ ఉన్నాయి.

వచ్చేసే ముందు త్సోయిగ్నిస్, అంటే పనితీరు మీద సర్టిఫికెట్, అడిగి తీసుకోవాలి. ఎన్ని నెలలు చేశారో మాత్రమే ఉండేది ఒకటి, ఏం చేశారో, ఎలా చేశారో రాసేది ఇంకొకటి. రెండోదే అడగండి, ఆరు వారాల ముందే అడగండి, సెలవుల కాలంలో సంతకం పెట్టే మనిషి దొరకరు. ఊరి ఆఫీసులో పేరు తీయించుకున్న కాగితం దగ్గరుంచుకోవాలి. బ్యాంకు ఖాతా మాత్రం ఆఖరి పాకెట్ మనీ, గది డిపాజిట్ పడ్డాకే మూయాలి. ఇండియా వచ్చేశాక ఆ డబ్బు తెప్పించుకోవడం చాలా తలనొప్పి.